కుర్చీలక్క, పదకొండో ప్రశ్న

స్టాంపు కాగితం రాసిచ్చి కుర్చీలక్కను మోసం చేసినవాడు ఇవాళ్టికీ అదే రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో, అదే బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. దస్తావేజులు రాయడం అతని పని. ఇళ్లూ స్థలాలూ అద్దె ఒప్పందాలూ రాసి రాసి అలవాటైన చేత్తో, పద్నాలుగేళ్ల కిందట ఒక పసిపిల్లను కూడా రాసిచ్చాడు. స్థలానికి హద్దులు రాసినట్టు పిల్ల ఒంటి మీది పుట్టుమచ్చలు రాశాడు. 'సదరు శిశువుపై సర్వహక్కులూ ఈ దినము మొదలుకొని' అంటూ సాగే ఆ రాత కింద రెండు సాక్షి సంతకాలు, ఒక గుండ్రటి ముద్ర.

"ఇంక ఎవరొచ్చి అడిగినా ఈ కాగితం చూపించండి. చట్టం అంటే ఇదే," అన్నాడట.

అక్క నమ్మింది. నమ్మి, తడి తగలకుండా ఆ కాగితాన్ని లామినేషన్ చేయించింది. ఆమె ఇంట్లో ఎప్పుడూ తడి ఉంటుంది. పేముతో అల్లిన కుర్చీల సీట్లు చిరిగిపోతే మళ్లీ అల్లిపెట్టడం ఆమె బతుకుతెరువు. పేము బద్దలు నానితే గానీ వంగవు. కాబట్టి గుమ్మం పక్కన ఒక తొట్టి, తొట్టి చుట్టూ మడుగు, మడుగులో కాలు జారి తిట్టుకునే మొగుడు. ఇవి ఆ ఇంటి శాశ్వత వస్తువులు.

ఆ మడుగులో పిల్ల పద్నాలుగు నెలలు ఆడింది. తర్వాత ఒక ఉదయం ఇద్దరు ఆడవాళ్లు, ఒక పోలీసాయన వచ్చారు. అక్క వాళ్లను కూర్చోమని చెప్పి, ధీమాగా లామినేషన్ కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. పెద్దావిడ ముందువైపు చదివి, ఏమన్నా ఉందేమోనని వెనక్కి తిప్పి కూడా చూసింది. వెనక ఖాళీ.

"ఇది వట్టి కాగితమమ్మా. ఉత్తర్వు కాదు," అంది.

పిల్ల కన్నతల్లికి ప్రసవం నాటికి పదిహేడేళ్లు. ఆమె తండ్రి, పరువు పోతుందని, ఆమెను ఒక్కమాట అడక్కుండా బిడ్డను ఆసుపత్రి ఆయా చేతిలో పెట్టేశాడు. ఆయా దస్తావేజులాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆ అమ్మాయి పద్దెనిమిది దాటాక స్వయంగా వెళ్లి ఫిర్యాదు చేసింది. ఇవన్నీ అక్కకు తర్వాత తెలిశాయి. ఆ ఉదయం తెలిసింది ఒక్కటే. పిల్ల గుప్పిట్లో ఒక పేము బద్ద ముక్క ఉంది. పోలీసాయన దాన్ని లాగబోతే, "ఉండనీ, కూడా తీసుకుపోనీ," అంది అక్క.

నేను ఆ ఇంటి మేడమీద గదిలోకి అద్దెకు వచ్చేసరికి ఇది జరిగి ఏడెనిమిదేళ్లయింది. నేను పాత కాగితాల గోడౌన్‌లో పనిచేసేవాణ్ణి. లోకం చదివి పారేసినవన్నీ మా దగ్గరికి తూకానికి వచ్చేవి. చదువుకున్నట్టు నాకు ఏ బడి కాగితమూ లేదు. చదువుకున్నదంతా ఆ గుట్టల్లోంచి ఏరుకున్నదే. రెండుచోట్ల ఉద్యోగానికి వెళితే, "చదివానంటున్నావు, చదివినట్టు కాగితమేదీ?" అని వెనక్కి పంపారు. అందుకని ముద్రలున్న బల్లల వెనక కూర్చునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇప్పటికీ అంతే.

అక్కకు అప్పటికి నలభై మూడు. గట్టి మనిషి, వేళ్ల కొసలు కాయలు కాసి బొత్తాల్లా ఉండేవి. ఆమె మొగుణ్ణి నేను బావ అనేవాణ్ణి. ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. "రోజంతా పైకీ కిందికీ ప్రయాణమే. చేరేది మాత్రం ఇక్కడికే," అని తొట్టి పక్కన చెప్పులు విడుస్తూ రోజూ అదే మాట అనేవాడు. అక్క రోజూ వినిపించుకోనట్టు ఉండేది.

అక్క ఎక్కువగా ఆఫీసుల కుర్చీలు అల్లేది. పాత ఆఫీసుల్లో పేము కుర్చీలు ఇంకా ఉన్నాయి, కూర్చునేవాళ్లు లావెక్కుతూనే ఉన్నారు. కాబట్టి పని తెగేది కాదు. శిశు సంక్షేమ కార్యాలయం కుర్చీలు కూడా ఆమే అల్లేది. పిల్లను తీసుకుపోయిన ఆఫీసు అదే.

"ఆ ఆఫీసుకు పని ఎలా చేస్తావక్కా?" అని ఒకసారి అడిగాను.

"కుర్చీ ఏం చేసింది రా పాపం?" అంది.

ఆమె కోపాన్ని నేను ఒక్కసారే చూశాను. ఒకరోజు ఆ దస్తావేజులాయన, ఏమీ ఎరగనట్టు, తన కుర్చీ అల్లిపెట్టమని మనిషి చేత పంపాడు. కుర్చీ వెనక్కి వెళ్లింది గానీ ఒక కాలు లేకుండా వెళ్లింది. ఆ కాలు గోడకు తగిలి పెచ్చు ఊడిన చోట బావ క్యాలెండరు వేలాడదీశాడు.

ఇంకో పిల్ల కోసం అడగాలని వాళ్లిద్దరికీ ఉండేది. అడిగితే పాత సంగతి బయటికి తీస్తారని భయం. ఒకసారి పిల్లను తీసేసిన ఇంటికి మళ్లీ ఇవ్వరని ఎవరో చెప్పారు. వీధిలో అందరూ అదే అన్నారు. ఆ భయంతోనే ఏడెనిమిదేళ్లు గడిపేశారు.

ఒకరోజు గోడౌన్‌లో ఏళ్లుగా మూలపడిన ఒక కట్ట విప్పితే అందులో నీలం అట్ట పుస్తకం దొరికింది. 'దత్తత నియమావళి'. ఇంటికి తెచ్చి అక్కకు చూపించాను. ఆమె కూడబలుక్కుని చదివేది. కాబట్టి నేను చదివేవాణ్ణి, ఆమె అల్లుతూ వినేది. సాయంత్రం ఎండ ఉన్నంతసేపు గుమ్మంలో ఇదే పని.

చట్టం నేను అనుకున్నంత కటువుగా లేదు. అలాగని మెత్తగానూ లేదు. పిల్ల కావాలనుకున్నవాళ్లు ముందు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. ఆరోగ్యం, సంపాదన, నేరచరిత్ర లేదన్న రుజువు చూపాలి. తర్వాత ఒక సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి విచారణ చేసి నివేదిక రాస్తుంది. ఇరుగుపొరుగులో ఇద్దర్ని అడుగుతుంది. అది బాగుంటే జాబితాలో పేరు ఎక్కుతుంది. ఇద్దరి వయసూ కలిపి చూస్తారు. మొత్తం పెరిగేకొద్దీ పెద్ద పిల్లలే వస్తారు.

"నా ముసలితనం చాలదన్నట్టు ఈయన ముసలితనం కూడా నా నెత్తినేనా?" అంది అక్క.

"నేను లేకపోతే నువ్వు పసిపాపకే అర్హురాలివి," అన్నాడు బావ. "విడాకులిచ్చెయ్యనా?"

"ముందు ఆ తొట్టి నీళ్లు మార్చు. తర్వాత చూద్దాం."

పిల్ల కుదిరాక కొన్నాళ్లు సంరక్షణలో మాత్రమే ఉంటుంది. కోర్టు ఉత్తర్వు వస్తేనే దత్తత. ఉత్తర్వు తర్వాత కూడా రెండేళ్లపాటు వచ్చి చూసి వెళుతుంటారు. అక్కకు దేన్నయినా కుర్చీ చేసుకుంటే గానీ బుర్రకెక్కదు. "మొదట నిలువు వరస, తర్వాత అడ్డం, ఆఖర్న ఐమూల. ముందే ఐమూల వేసి కూర్చుంటే జారి కింద పడతాం. మేం పడ్డట్టు," అంది.

ఒక సాయంత్రం కన్నతల్లి సమ్మతి గురించిన పేజీ వచ్చింది. బిడ్డను అప్పగిస్తూ సంతకం చేసిన తల్లికి మనసు మార్చుకోవడానికి ఒక గడువు ఉంటుంది. ఆ గడువు దాటేదాకా బిడ్డను ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. నేను చదువుకుంటూ పోతున్నాను. అక్క చేతులు ఆగిపోయాయి.

"మళ్లీ చదువు," అంది.

మళ్లీ చదివాను.

"అంటే ఆ పిల్లకి ఈ గడువు ఎవరూ ఇవ్వలేదన్నమాట," అంది. ఆ పిల్ల అంటే పదిహేడేళ్ల తల్లి. "నేను ఇన్నాళ్లూ నన్నే మోసం చేశారనుకున్నాను."

నాకు అది నచ్చలేదు. అక్క దగ్గర్నుంచి బిడ్డను పట్టుకుపోయినవాళ్ల తరఫున ఆలోచించడం నాకు చేతకాదు. తల ఊపి పేజీ తిప్పాను. తిప్పిన పేజీలోనే అసలు దెబ్బ ఉంది. తొమ్మిదో నియమం: 'ఏ కుటుంబము సంరక్షణనుండి బిడ్డ అధికారులచే తొలగింపబడినదో, అట్టి కుటుంబము దత్తతకు అనర్హము.'

వీధి చెప్పింది నిజమే అయింది. బావ లేచి వెళ్లి తొట్టి నీళ్లు మార్చాడు, ఎవరూ అడక్కుండానే.

ఉపాయం చెప్పింది నేనే. దరఖాస్తు తెచ్చి చూస్తే పదకొండో ప్రశ్న సూటిగా ఉంది: ఇంతకుముందు ఏ బిడ్డనైనా మీ సంరక్షణ నుంచి తొలగించారా?

"లేదు అని రాయి," అన్నాను.

"లేదా?"

"అక్కా, ఆఫీసుల్లో పాత ఫైళ్లు ఏమవుతాయో నాకు తెలుసు. మా గోడౌన్‌కే వస్తాయి. నీ ఫైలు ఈపాటికి ఎక్కడో అట్టపెట్టె అయిపోయి ఉంటుంది. వాళ్లు నీతో నిజం చెప్పారా? నువ్వెందుకు చెప్పాలి?"

అక్క కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత 'లేదు' అని రాసింది. రెండక్షరాలు రాసి, ఆరు కుర్చీలు అల్లినంత అలసటగా కలం కింద పెట్టింది.

ఇంటి విచారణకు రోజు చెప్పారు. ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. బావ గోడలకు సున్నం వేశాడు. సున్నం మరకలు పడ్డ నేలను నేను కడిగాను. తొట్టిని పెరట్లోకి ఈడ్చారు. అంతా అయ్యాక చూస్తే ఒక లోటు కనిపించింది. ఊళ్లోవాళ్ల కుర్చీలన్నీ అల్లే మనిషి ఇంట్లో కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. రెండు ముక్కాలిపీటలు, ఒక చాప. అంతే.

"వచ్చినావిడని పీట మీద కూర్చోబెడితే, రేపు పిల్లని ఎక్కడ కూర్చోబెడతారని రాస్తుంది," అన్నాడు బావ.

అల్లడం పూర్తయి అప్పగించాల్సిన కుర్చీలు మూల వరసగా ఉన్నాయి. అక్క వాటిల్లోంచి అన్నిటికంటే నున్నగా ఉన్న రెండింటిని తెచ్చి హాల్లో వేసింది. తుడిచి, ఎలా ఉన్నాయని అడిగింది. కోర్టులో జడ్జిగారి కుర్చీల్లా ఉన్నాయన్నాను. ముగ్గురం నవ్వాం.

విచారణ మేడం చెప్పిన టైముకే వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, భుజానికి గుడ్డసంచీ, అరిగిన చెప్పులు. అక్కను గంటసేపు అడిగింది, బావను గంటసేపు అడిగింది. బావ భయంతో ప్రతి మాటకూ "అవునండి" అంటున్నాడు. "మీరు తాగుతారా?" అంటే కూడా "అవునండి" అని, అక్క కళ్లు చూసి, "టీ అండి, టీ," అని సర్దుకున్నాడు.

తర్వాత నన్ను పిలిచారు. ఇరుగుపొరుగు సాక్షుల్లో నేనొకణ్ణి.

"ఆవిడకు కోపం వస్తే ఏం చేస్తుంది?" అని అడిగింది మేడం.

"ఆవిడకు కోపమే రాదండి."

"ఎప్పుడూ?"

"నేను చూడలేదు."

క్యాలెండరు నా వీపు వెనకే ఉంది. మేడం రాసుకుంది. రాసుకుంటూ చెయ్యి పక్కకు వేసి, కుర్చీ చట్రం కింది భాగాన్ని వేళ్లతో తడిమింది. తర్వాత వంగి చూసింది. లేచి నిలబడి, కుర్చీని వెనక్కి తిప్పింది. వెనక కాలి మీద తెల్లరంగుతో అంకెలు, వాటి పైన కార్యాలయం పొడి అక్షరాలు.

"ఇది మా ఆఫీసు కుర్చీ కదూ?" అంది.

బావ గబుక్కున రెండో కుర్చీకి అడ్డం నిలబడ్డాడు.

"మూడు నెలల కిందట పంపాం. నా కుర్చీయే ఇది. ఈ చేతి మీద టీ మరక నాదే." నవ్వాలా కోప్పడాలా అన్నట్టు చూసి, చివరికి నవ్వేసింది. "ఇంతకీ ఈ గదిలో మీవి ఏవమ్మా? అవి చూపించండి."

ఆమె మామూలుగానే అడిగింది. అక్క మాత్రం ఒక్కొక్కటే చూపించసాగింది. పీటలు చూపించింది. చాప చూపించింది. పెరటి తలుపు తీసి తొట్టి చూపించింది. తర్వాత లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. నాకు అర్థమైంది. "అక్కా," అని పిలిచాను. ఆమె లామినేషన్ కాగితం తెచ్చి మేడం చేతిలో పెట్టింది.

"ఇది నాది. పదకొండో దాంట్లో అబద్ధం రాశాను. ఒక పిల్ల ఉండేది, పద్నాలుగు నెలలు. మీవాళ్లే తీసుకుపోయారు."

మేడం చదివింది. ఆవిడ కూడా కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది. నివేదికలో ఏదో రాసింది, అక్కతో దాని కింద సంతకం చేయించుకుంది.

"నేను రాయాల్సింది రాస్తాను. పైన ఏమంటారో నేను చెప్పలేను," అని, కాగితాన్ని సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరగ్గానే నేను అక్క మీద విరుచుకుపడ్డాను. "నీ చేత్తో నువ్వే చెరిపేసుకున్నావు. ఒక్క అరగంట నోరు మూసుకుంటే అయిపోయేది!"

"ఆవిడ కుర్చీ మీద ఆవిణ్ణే కూర్చోబెట్టి ఇంకో అబద్ధమా? నావల్ల కాదురా."

"కుర్చీకి పోయి పిల్లని పోగొట్టుకుంటావా?"

"ఒకసారి కాగితాన్ని నమ్మి పోగొట్టుకున్నాను," అంది. "రేపు వచ్చే పిల్ల ఏ పన్నెండేళ్లప్పుడో ఈ సంగతి వేరేవాళ్ల నోట వింటే? అప్పుడు ఏ కాగితం చూపించను?"

బావ ముక్కాలిపీట మీద కూర్చుని నేల చూస్తున్నాడు. కాసేపటికి, "ఆ కుర్చీలు రేపు అప్పగించేద్దాం. మళ్లీ ఎవరైనా వస్తారు," అన్నాడు. మర్నాడు వాళ్లిద్దరూ చెరొక కుర్చీ మోసుకుని ఆఫీసుకు పోతుంటే మేడమీంచి చూశాను. పలకరించలేదు. మూడు వారాలు నేను వాళ్లతో సరిగా మాట్లాడలేదు.

నాలుగో వారం పిలుపు వచ్చింది. అధికారి ముందు హాజరు కావాలి. అక్క పైకి వచ్చి, "ఆ నీలం పుస్తకం తీసుకుని నువ్వూ రా. ఏమైనా అంటే చదివి చెబుదువు," అంది. కోపం ఉన్నా వెళ్లాను. తొమ్మిదో నియమం మీద వాదించడానికి నాలుగు రోజులు తయారయ్యాను. అధికారులచే తొలగింపబడిన బిడ్డ అంటే చట్టప్రకారం సంరక్షణలో ఉన్న బిడ్డ. ఈ పిల్ల అసలు చట్టప్రకారం రానే లేదు, కాబట్టి తొలగింపే కాదు. నాకే మెచ్చుకోవాలనిపించింది.

అధికారి సన్నగా, బట్టతలతో, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు. పక్కనే విచారణ మేడం. నేను పుస్తకం తీసి మొదలుపెట్టాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"బాగా చదివావు. ఆ పుస్తకం ఏదీ, ఇటివ్వు."

ఇచ్చాను. ఆయన మొదటి పేజీ తిప్పి, అక్కడున్న ముద్ర నాకు చూపించాడు. వాళ్ల ఆఫీసు ముద్రే. నేను వందసార్లు చూసి ఉంటాను.

"ఇది రద్దయి ఆరేళ్లయింది నాయనా. కొత్త నియమాలు రాగానే పాత పుస్తకాలన్నీ తూకానికి వేయించింది నేనే. మీ గోడౌన్‌కే."

నా చెవులు వేడెక్కాయి. పారేసిన చట్టం కాబట్టే నా దగ్గరికి వచ్చిందన్న మాట, ఇన్ని గుట్టలు తిరగేసిన నాకు తట్టనే లేదు. కొత్త నియమాల్లో తొమ్మిదోది లేదు. బిడ్డను తొలగించి ఉంటే ఎందుకు తొలగించారో విచారించి చూడమని మాత్రమే ఉంది. సంగతి దాచితే మటుకు దరఖాస్తు కొట్టేయమని ఉంది.

"దాచారు కదా మరి," అన్నాడు అధికారి.

"నివేదిక ముగించకముందే ఆవిడే చెప్పి సంతకం చేశారు సార్," అంది మేడం. "దాన్ని సవరణగా రాశాను. పాత ఫైలు కూడా తీయించాను. కాగితం రాసిందెవరో అందులో ఉంది. వీళ్ల తప్పు తెలియకపోవడమే."

ఫైలు అట్టపెట్టె కాలేదన్నమాట. అధికారి దాన్ని తిరగేస్తూ అక్కను అడిగాడు. "ఒక్కటి చెప్పమ్మా. రేపు మీకు ఒక బిడ్డను ఇచ్చాం. కన్నతల్లి వచ్చి నా బిడ్డ నాకు కావాలంది. ఏం చేస్తావు?"

బావ అక్క మోచెయ్యి పట్టుకున్నాడు. నాకు తెలిసిన సరైన జవాబులు నాలుగు ఉన్నాయి. అవేవీ ఆమె చెప్పలేదు.

"గడువు లోపలయితే ఇచ్చేస్తానండి. ఏడుస్తాను గానీ ఇచ్చేస్తాను. ఆ తల్లికి ఆ గడువు ఉండాలి. అందరూ సంతకాలు పెట్టి, ఉత్తర్వు వచ్చాక అయితే ఇవ్వను. కానీ గుమ్మంలోంచి పంపెయ్యను. లోపలికి పిలిచి కూర్చోబెడతాను."

"ఎక్కడ కూర్చోబెడతావు? మా కుర్చీ మీదేనా?" అన్నాడు అధికారి.

మేడం ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. బావ ఎందుకైనా మంచిదని "అవునండి" అన్నాడు.

అయితే ఆ నవ్వుతో పని అయిపోలేదు. సవరించిన దరఖాస్తు కాబట్టి నమోదు తేదీ మారింది. జాబితాలో వెనక్కి వెళ్లారు. మళ్లీ విచారణ, మళ్లీ నివేదిక. దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఇద్దరి వయసూ కలిపి చూసే లెక్క ఇంకో మెట్టు ఎక్కింది. పసిపాప రాదని తేలిపోయింది. అక్క ఆ రోజు పని చేయలేదు. తొట్టిలో పేము నాని నాని పాడైపోయింది. మర్నాడు దాన్ని పారేసి కొత్తది నానబెట్టింది.

వచ్చింది ఆరేళ్ల పిల్ల. ముందు ఫోటో, ఆరోగ్య నివేదిక పంపారు. తర్వాత శిశుగృహంలో కలిశారు. నేనూ వెళ్లాను, గేటు బయట ఉన్నాను. తిరిగి వస్తూ అక్క చెప్పింది. "నన్ను చూసి మొదట అడిగిందేంటో తెలుసా? నీ వేళ్లెందుకు అలా ఉన్నాయి అని. చెప్పాను. కుర్చీలెందుకు అల్లుతావంది. చిరుగుతాయి కాబట్టి అన్నాను. ఎందుకు చిరుగుతాయంది."

"ఏం చెప్పావు?"

"మీ నాన్న లాంటివాళ్లు కూర్చుంటారు కాబట్టి అన్నాను. ఈయన వైపు చూసి ఒప్పుకుంది."

ఆ రోజే బావ ఆ పిల్లకు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టాడు. ఇంటికి వచ్చిన మొదటి నెలంతా ఎందుకమ్మ రాత్రిళ్లు చెప్పులు వేసుకునే పడుకునేది. మళ్లీ ఎక్కడికో పంపుతారని. మాన్పించడానికి అక్క ప్రయత్నించలేదు. చెప్పులు కడిగి, ఆరబెట్టి, మంచం దగ్గర పెట్టేది. ఒక రోజు పిల్ల వాటిని తనే గుమ్మం బయట విడిచింది. బావ ఆ చెప్పుల పక్కన తన చెప్పులు విడుస్తూ, రోజూ అనే మాట అనడం మరిచాడు.

ఉత్తర్వు జడ్జిగారి గదిలో ఇచ్చారు. జడ్జిగారు పిల్లనే అడిగారు. "వీళ్ల దగ్గర ఉండటం నీకు ఇష్టమేనా?" ఎందుకమ్మ ఆలోచించి, "ఉంటే మళ్లీ మార్చరుగా?" అని ఎదురు అడిగింది. మార్చరని ఆయన చెప్పారు. "అయితే ఇష్టమే," అంది. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించుకుంటారా అని నేను బావను ఆటపట్టించాను. అక్క మాత్రం దాన్ని మామూలు ఫైల్లో పెట్టి, బీరువా పైఅరలో పెట్టింది.

తర్వాత నాకు ఊరి అవతలి వైపు, ఇంకో గోడౌన్‌లో పని దొరికింది. గది ఖాళీ చేశాను. నెలకోసారి వెళ్లాలనుకునేవాణ్ణి, నాలుగైదు నెలలకోసారి పడేది.

ఈమధ్య వెళ్లినప్పుడు అక్క గుమ్మంలో కూర్చుని కుర్చీ అల్లుతోంది. గుమ్మం లోపల, ఎప్పుడూ లేనిది, ఒక చిన్న పేము కుర్చీ ఉంది. పిల్లల కొలతది. ఆ ఇంటి మొదటి సొంత కుర్చీ. అందులో ఎందుకమ్మ కూర్చుని, చిక్కుపడ్డ బద్దలు విడదీస్తోంది. తొమ్మిదో ఏడు వచ్చింది.

"మామా, నీకో సంగతి తెలుసా?" అంది నన్ను చూడగానే. "నాకంటే ముందు ఈ ఇంట్లో ఒక పాప ఉండేది."

నేను అక్క వైపు చూశాను.

"నిరుడే చెప్పాను," అంది అక్క, తల ఎత్తకుండా. "అడిగింది, చెప్పాను."

"ఆ పాప ఇప్పుడు వాళ్లమ్మ దగ్గర ఉంది," అంది పిల్ల. "నాకంటే పెద్దది. ఎందుకు తీసుకుపోయారో కూడా నాకు తెలుసు. వాళ్లమ్మని అడక్కుండా ఇచ్చేశారంట, అందుకు." మళ్లీ చిక్కు విప్పుకోవడంలో పడిపోయింది.

టీ తాగి కాసేపు కూర్చున్నాను. చట్టం మీద ఇంకా కోపం పోలేదా అని అక్క అడిగితే, పోలేదన్నాను. ఇంతమందిని ఇన్నేళ్లు కూర్చోబెట్టడం నాకు ఇప్పటికీ న్యాయంగా తోచదు. శిశుగృహంలో పిల్లలు, బయట జాబితాల్లో పెద్దలు, మధ్యలో ఫైళ్లు. అక్క బద్దను చిల్లులోంచి లాగి బిగించి, చెక్క మేకు కొట్టింది.

లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. రెండేళ్ల విచారణల్లో ఆఖరిది వచ్చే వారమే ఉందట. ఆ మేడమే వస్తుందట. పాత సాక్షుల్నే మళ్లీ అడుగుతారట.

"నీకు కబురు చేస్తారు, వస్తావుగా?" అంది.

వస్తానన్నాను.

"అయితే ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు. కోపం వస్తుందా అంటే వస్తుందని చెప్పు. క్యాలెండరు తీసి ఆ పెచ్చు కూడా చూపించు. ఎందుకమ్మ ఎలాగూ చూపించేస్తుంది, నువ్వు అబద్ధాలకోరువని మళ్లీ రాసుకుంటారు."

"మళ్లీ ఏంటి? అప్పుడు రాసుకున్నారా?"

"రాసుకోకపోవడమేంటి? రెండో విచారణప్పుడు ఆఫీసులో చదివి వినిపించారు. 'మేడపై నివసించు యువకుడు ఆమెపై అభిమానంతో అబద్ధమాడినట్లు తోచుచున్నది' అని. అభిమానం అన్న మాట దగ్గర నేను సంతకం పెట్టాను. ఇంక పో, చీకటి పడకముందే వెళ్లు."